కోల్డ్ స్టోరేజీల స్టాపులో బస్సు ఆగాలి

స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైన తరువాత వచ్చిన తొలి మిర్చి సీజనుకు నేను గుంటూరు జిల్లాలో ఒక పట్నపు డిపోకి మేనేజరుగా ఉన్నాను. అదే నా ఆఖరి పోస్టింగు. పట్నం పేరు రాయడం లేదు. అప్పటివాళ్లు చాలామంది ఇంకా ఉద్యోగాల్లోనే ఉన్నారు. కండక్టరుగా చేరి, శాఖాపరమైన పరీక్షలు రాసి, ట్రాఫిక్ సూపర్‌వైజరునై, ప్రకాశం వైపు కొన్నేళ్లు తిరిగి అక్కడికి వచ్చాను. డిపో మేనేజరంటే బస్సులన్నీ అతని చేతిలో ఉంటాయని బయటివాళ్లు అనుకుంటారు. ఏ బస్సు ఏ వేళకు ఎటు తిరగాలో పైవాళ్లు ఖాయం చేస్తారు, దాన్ని షెడ్యూలంటాం. అది తప్పకుండా చూడటమే మేనేజరు పని. తప్పితే సంజాయిషీ కూడా అతనిదే.

మా డిపో కింద సిటీ ఆర్డినరీ రూటు ఒకటి ఉండేది. బస్టాండులో బయలుదేరి, బైపాసు పక్కనున్న కోల్డ్ స్టోరేజీల మీదుగా కొత్త కాలనీలకు పోతుంది. సీజనులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, లారీల మీద వచ్చి ఆ గిడ్డంగుల్లో దిగుతాయి. పక్క షెడ్లలో ఆడవాళ్లు వరసలు కట్టి కూర్చుని కాయల తొడిమలు తుంచుతారు, తెల్లబడ్డ తాలుకాయలు ఏరేస్తారు. పని దిగే వేళకి కోరు, అంటే ఆ కాయల ఘాటు దుమ్ము, వాళ్ల చీరల్లో, జుట్టులో, కనురెప్పల మీద కూడా పేరుకుని ఉంటుంది. వాళ్లు ఎక్కగానే బస్సంతా దగ్గు మొదలవుతుంది. నేను ఈ నేల మీదే పుట్టి పెరిగినవాణ్ణి, అయినా మొదటిసారి ఆ బస్సెక్కినప్పుడు కళ్లు తుడుచుకోవడంతోనే సరిపోయింది. కాబట్టి ఆ బస్సులో దగ్గుతో ప్రయాణం చేయలేకపోతున్నామన్న కాలనీవాళ్ల ఫిర్యాదు అబద్ధమని నేను ఎక్కడా అనలేదు. నా కోపం ఫిర్యాదు మీద కాదు, దానికి మావాళ్లు కనిపెట్టిన వైద్యం మీద.

సీజను ఊపందుకోగానే ఆ స్టాపులో బస్సులు ఆగడం మానేశాయి. ఎవరూ నాకు చెప్పలేదు. ఒక మధ్యాహ్నం దీనమ్మ అనే ఆవిడ మరి కొందరు ఆడవాళ్లతో డిపోకి వచ్చినప్పుడు తెలిసింది. ఆమెది ఊరి చివరి చర్చి పేట. ఇరవై ఏళ్లుగా తొడిమల పనిలో ఉంది, ముఠాను కుదిర్చి పనికి తీసుకెళ్లేది ఆమే. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"సార్, మీ బస్సులు మమ్మల్ని చూసి జోరు పెంచుతున్నాయి. టిక్కెట్టు డబ్బులు ఇవ్వట్లేదనా, మిరపకాయలు ఒలుస్తున్నామనా? ఏదో ఒకటి చెప్పండి. మొదటిదైతే, ఆ పథకం మేం అడిగింది కాదు, మీరిచ్చిందే. రెండోదైతే, ముందు కాలనీవాళ్లని కూరలో కారం మానెయ్యమనండి" అంది.

కడుక్కుని ఎక్కచ్చు కదమ్మా అన్నాను, ఎవరైనా అనే మాటే. ఆమె కోపగించుకోలేదు. షెడ్డులో ఉన్న ఒక్క కుళాయీ లారీవాళ్లకీ హమాలీలకీ పోగా వీళ్ల దాకా రాదని, ఆడవాళ్లు చీర మార్చుకోవడానికి నాలుగు రేకులైనా అడ్డం పెట్టమంటే యజమానులు రేపు మాపు అంటున్నారని చెప్పింది. అంతా విన్నాక, బస్సు ఆపకపోతే ఏం చేస్తున్నారని అడిగాను. కాయలు తెచ్చే ఆటోల్లో ఒకరి మీద ఒకరు కూర్చుని పోతున్నామంది. ఆ ముందటి రోజే ఒక ఆటో బైపాసు మలుపులో పక్కకి ఒరిగి, ఆమె వెనక నిలబడ్డ ఏసుమణి అనే ఆవిడకు మోచెయ్యి విరిగింది. కట్టు కట్టించుకుని, ఆ చేత్తోనే డిపోకి వచ్చింది.

ఆ రూటు డ్రైవరు వెంకటేశ్వర్లును పిలిపించాను. మంచి డ్రైవరు, యాక్సిడెంటు మచ్చ లేనివాడు. అబద్ధం చెప్పలేదు.

"ఆపితే కాలనీవాళ్లు అరుస్తారు సార్. ఆపకపోతే వీళ్లు అరుస్తారు. కాలనీవాళ్లు ఫోన్లో వీడియో తీసి పైకి పంపిస్తారు. వీళ్లు తియ్యరు."

స్టాపులో చెయ్యెత్తితే బండి ఆగాల్సిందేనని చెప్పి పంపించాను. రెండు రోజులు ఆగాయి. మూడో రోజు రీజనల్ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. రీజనల్ అధికారి మర్యాదస్తుడే, మాట మెత్తన. "మస్తాన్ గారూ, ఆ స్టాపు విషయంలో కాస్త చూసీ చూడనట్టు ఉండండి. సర్వీసుల మెరుగుదల మీద సమావేశం పెడుతున్నాం, అక్కడ తేల్చుకుందాం" అన్నాడు.

సమావేశానికి రీజను ట్రాఫిక్ అధికారులు, కాలనీల సంక్షేమ సంఘం వాళ్లు, మా యూనియను నాయకులు వచ్చారు. తొడిమలు తీసేవాళ్లలో ఒక్కరినీ పిలవలేదు. పిలవాలని ఎవరికీ తోచలేదు. నేను ముందు రోజు అడిగితే, వాళ్లకి ఆ పూట పని పోతుంది కదా అన్నారు, వాళ్ల మీద జాలిపడుతున్నట్టుగా.

సంఘం కార్యదర్శి శ్రీనివాసరావు గారు మాట్లాడారు. పిల్లలు ట్యూషన్ల నుంచి ఇదే బస్సులో వస్తున్నారు, ఆయాసం ఉన్న పెద్దలున్నారు, బస్సు దిగాక కూడా గంటసేపు దగ్గు పోవడం లేదు అన్నారు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. తరువాత, డబ్బు కట్టి ఎక్కే మగవాళ్లు నిలబడాలి, ఊరికే ఎక్కేవాళ్లు కూర్చోవాలి, ఇదేం న్యాయం అన్నారు. రూటును పరిమిత స్టాపుల సర్వీసుగా మార్చి కోల్డ్ స్టోరేజీల దగ్గర ఆగకుండా చేస్తే అందరికీ మంచిదన్నారు. మా ట్రాఫిక్ అధికారి ఒకాయన వెంటనే తలూపి, దానివల్ల కిలోమీటరుకు వచ్చే రాబడి కూడా పెరుగుతుందన్నారు.

అప్పుడు లేచాను. మావాళ్లకే మా లెక్క గుర్తు చేయాల్సి వచ్చింది. ఆడవాళ్లు ఎక్కినప్పుడు కండక్టరు జీరో టికెట్ కొడతాడు. చార్జీ సున్నా అని అచ్చవుతుంది గానీ, ఆ ప్రయాణం ఖర్చు ప్రభుత్వ ఖాతాలో పడుతుంది. ఊరికే ఎక్కేవాళ్లంటూ ఎవరూ లేరు, వాళ్ల చార్జీ కట్టేవాళ్లు వేరు, అంతే. ఈ మాట బయటివాళ్లకి తెలియకపోవడం తప్పు కాదు. ట్రాఫిక్ అధికారికి తెలియనట్టు తల ఊపడం నాకు ఒళ్లు మండించింది.

ఇంకొకటి కూడా అన్నాను. కోరు బస్సులో పుట్టదు, షెడ్డులో పుడుతుంది. అక్కడ నీళ్లూ, చీర మార్చుకునే చాటూ ఉంటే కాలనీ బస్సులో దగ్గు సగానికి పైగా తగ్గుతుంది. శ్రీనివాసరావు గారికి కూడా ఆ వరసలో ఒక కోల్డ్ స్టోరేజీలో వాటా ఉందని దీనమ్మ చెప్పగా విన్నాను, నిజమేనా, అయితే మొదటి కుళాయి అక్కడే వేయించవచ్చు కదా అని అడిగాను.

శ్రీనివాసరావు గారి మొహం ఎర్రబడింది. "నేను ఇక్కడికి ప్రయాణికుడిగా వచ్చాను. నా వ్యాపారంతో మీకేం పని?" అన్నారు. నాది ప్రయాణికుల పనే, ఆ షెడ్డులో వాళ్లూ నా ప్రయాణికులే అన్నాను.

రీజనల్ అధికారి గొంతు సవరించుకుని మధ్యేమార్గం చెప్పాడు. స్పేర్‌లో ఉన్న పాత బస్సొకటి సాయంత్రం కోల్డ్ స్టోరేజీల నుంచి చర్చి పేటకి వాళ్ల కోసమే వేద్దాం, మామూలు బస్సు అక్కడ ఆగనక్కర్లేదు. గదిలో అందరి మొహాలూ విప్పారాయి. యూనియను నాయకుడు చప్పట్లు కొట్టాడు. ఇది పరిష్కారం కాదండీ, ఎవరు ఏ బస్సెక్కాలో వాళ్ల పనిని బట్టీ పేటను బట్టీ మనం విడదీస్తున్నామండీ అన్నాను. "మీరు ప్రతిదానికీ అంత దూరం వెళతారు మస్తాన్ గారూ" అన్నాడాయన. సమావేశం ముగిసి టీలు వచ్చాయి. నేను తాగలేదు.

బస్సు వేయమన్నారు, వేశాను. మొదటి సాయంత్రం నేనే స్టాపు దగ్గర నిలబడ్డాను. పాత బస్సు వచ్చి ఆగింది, తలుపు తెరిచారు. ఒక్కరూ ఎక్కలేదు. దీనమ్మ బస్సు వైపు చూసి నన్నడిగింది.

"ఇది ఎవరి బస్సు సార్?"

మీకోసమే వేశారమ్మా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటేనే ఎలా ఉందో నాకు తెలిసింది.

"మా తాత కాలంలో హోటల్లో మాకోసమే వేరే గ్లాసు పెట్టేవాళ్లు. అది కూడా మాకోసమే అనేవాళ్లు. మాకు వేరే బస్సొద్దు సార్. అందరూ ఎక్కే బస్సే ఆపండి. కూర్చోకపోయినా ఫర్లేదు, వెనక నిలబడి పోతాం."

పాత బస్సు ఖాళీగా వెళ్లిపోయింది. వెనకే వచ్చిన మామూలు బస్సు నన్ను చూసి ఆగింది. వాళ్లతో పాటు నేనూ ఎక్కాను. దగ్గు వచ్చింది, అందరికీ వచ్చింది. కాలేజీ పిల్ల ఒకతె చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, కట్టుతోనే పనికి వస్తున్న ఏసుమణిని ఇంకో చేత్తో తన సీట్లోకి లాగింది.

ఆ మరునాడే మళ్లీ ఫోను. వేరే బస్సు ఇచ్చాక కూడా మామూలు బస్సు ఎందుకు ఆపుతున్నారని. ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను. స్టాపు ఎత్తేయాలంటే ఉత్తర్వు ఉండాలి, ఏ కారణం మీద ఎత్తేస్తున్నారో అందులో రాయాలి. "తమరు ఉత్తర్వు ఇవ్వండి సార్. కారణం కూడా రాయండి. సాయంత్రానికల్లా నోటీసు బోర్డులో పెట్టిస్తాను" అన్నాను.

"అన్నీ రాసుకుంటామా మస్తాన్ గారూ? మాటతో అయ్యేవి ఉంటాయి."

"ఇది మాటతో కాదు సార్."

ఆయన ఫోను పెట్టేశాడు. ఉత్తర్వు రాలేదు. వస్తుందని నేనూ అనుకోలేదు. మిరపకాయల పని చేసే ఆడవాళ్లను ఎక్కించుకోవద్దని రాసి కింద సంతకం చేసే అధికారి ఎవరుంటారు?

తెల్లవారి డ్యూటీలెక్కే ముందు గేట్ మీటింగు పెట్టాను. డ్రైవర్లకూ కండక్టర్లకూ కలిపి డిపో గేటు దగ్గర చెప్పే మాటలకి ఆ పేరు. రాతపూర్వక ఉత్తర్వు వచ్చేదాకా అన్ని స్టాపుల్లాగే ఆ స్టాపూ ఉంటుంది, ఆపనివాళ్లకి చార్జిమెమో ఇస్తాను, ఆపినందుకు ఎవరైనా వీడియో తీస్తే నా పేరు చెప్పండి అన్నాను. వెంకటేశ్వర్లు వెనక నుంచి, "ఆ మాటొక్కటి చాలు సార్" అన్నాడు. ఆ రోజు నుంచి బస్సులు ఆగాయి.

నెల తిరక్కుండా నన్ను రీజనల్ ఆఫీసుకి మార్చారు. కారణం పరిపాలనా సౌలభ్యం. నాకిచ్చిన కుర్చీకి పని లేదు. రిటైరయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. ఖాళీగా తిరిగిన పాత బస్సును కొంతకాలానికి తీసేశారు. ఆ ఫైలు నా బల్ల మీదుగానే పోయింది. సదరు మహిళలు సర్వీసును వినియోగించుకోవడంలో ఆసక్తి చూపలేదని అందులో రాసి ఉంది. ఆ వాక్యం చదివినప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు. శ్రీనివాసరావు గారు షెడ్డులో కుళాయిలు వేయించలేదు. ఆ వరసలోనే ఇంకొకాయన, నాతో ముఖపరిచయం కూడా లేని మనిషి, వేయించి రేకులతో చాటు కట్టించాడని తరువాత విన్నాను. మిగతా షెడ్లు అలాగే ఉన్నాయి. బస్సు మాత్రం ఆగుతోంది. నా తరువాత వచ్చిన మేనేజరుకీ ఫోన్లు వచ్చాయట. ఆయన కూడా ఉత్తర్వు రాసివ్వమన్నాడట.

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు అడుగుతుంటారు, సర్వీసు మెరుగుదల అంటే ఏమిటని. కొత్త బస్సులు, వేళకు రాకపోకలు, శుభ్రత, అన్నీ అవసరమే. అయితే మెరుగుదల పేరుతో ఏ ప్రతిపాదన బల్ల మీదికి వచ్చినా ముందు చూడాల్సింది, దానివల్ల బస్సు దిగిపోవాల్సి వచ్చేది ఎవరని. వాళ్లు ఆ గదిలో లేకపోతే సమావేశం వాయిదా వేయాలి. వేయడానికి ఒప్పుకోకపోతే, నిర్ణయాన్ని సంతకంతో రాసిమ్మనాలి. మా శాఖలో చాలా అన్యాయాలు నోటిమాట మీదే నడుస్తాయి. రాయమంటే ఆగిపోతాయి.