పక్కింటి గృహప్రవేశాలు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో మా జొన్నచేను ఉండేది. ఇప్పుడు అక్కడ వరసలు వరసలుగా విల్లాలు ఉన్నాయి. చేను బిల్డరుకిచ్చినందుకు మా వాటాకు ఒక విల్లా వచ్చింది. అందులో అమ్మ, నేను, నా భార్య ఉంటాం.

మిగతా విల్లాలు కొనిపించేదీ అమ్మించేదీ కూడా నేనే. సేద్యం పోయాక నాకు మిగిలిన పని అదే. నేను పొద్దున్నే కొనే పార్టీలకు ఇళ్ళు చూపించడానికి, నా భార్య బ్యాంకు ఉద్యోగానికి పోతే సాయంత్రం దాకా అమ్మ ఒక్కతే. మా వరసలో మా ఇంట్లో తప్ప ఎక్కడా మనుషులు లేరు. ఇళ్ళన్నీ ఎప్పుడో అమ్ముడుపోయాయి, అది వేరే సంగతి.

పక్కింటికి ఇప్పటికి మూడు గృహప్రవేశాలు జరిగాయి. మొదటిసారి సిటీ నుంచి డాక్టరు దంపతులు వచ్చారు. అత్వెల్లి నుంచి ఆవునూ దూడనూ తెప్పించారు, పాలు పొంగించారు, భోజనాలు పెట్టారు. అమ్మ పెట్టెలోని పట్టుచీర కట్టుకుని, పసుపు కుంకుమతోపాటు వాళ్ళు పాలు తోడేసుకోవడానికి గిన్నెడు పెరుగు పట్టుకుపోయింది. మర్నాడు గిన్నె కోసం వెళ్తే తలుపుకు తాళం. ఆర్నెల్లకు మంచి రేటొచ్చిందని వాళ్ళు అమ్మేశారు. అమ్మించింది నేనే. రెండోసారీ అదే ఆవు, అదే తాళం. మూడోసారికి ఆవును ఎవరూ తోలనక్కర్లేకపోయింది. తనే ట్రాలీ ఆటో దిగి నేరుగా వంటింట్లోకి నడిచింది.

“గా ఇంట్ల పాలు పొంగుడు మూడుసార్లు సూసిన. అన్నం ఉడుకుడు ఒక్కసారన్న సూడనియ్యవా బిడ్డా?” అంది అమ్మ.

“రేటు పెరుగుతాంది గదమ్మా.”

“పెరిగితే నాకేంది? నీ రేటు వచ్చి నాతోటి ముచ్చట పెడతదా?”

నేను నవ్వాను. అప్పుడు నవ్వొచ్చింది.

మూడో ఓనరు ఇల్లు అమ్మనన్నాడు, అద్దెకిస్తానన్నాడు. మచ్చ బొల్లారంలో అద్దెకుంటున్న భార్యాభర్తలు చూడటానికి వచ్చారు, వెంట అతని తల్లి. అంతవరకూ వచ్చినవాళ్ళు ఈశాన్యం అడిగారు, రోడ్డు వెడల్పు అడిగారు. ఈ పెద్దామె వడియాలు ఎక్కడ ఎండబెట్టుకోవాలని అడిగింది. అమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని మా మేడ మీదికి తీసుకుపోయింది. గంటసేపు ఇద్దరూ దిగలేదు. దిగేసరికి ఒకరినొకరు ‘వదినె’ అని పిలుచుకుంటున్నారు.

ఈలోగా కింద ఆమె కొడుకు అద్దె ఎంతని అడిగాడు. ఓనరు నాకు చెప్పినదానికి నేను కొంత కలిపి చెప్పాను. ఆ కొంత నాకేం రాదు. మా పనిలో మొదటి మాట ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు. అవతలివాళ్ళు బేరమాడతారు, మనం దిగుతాం. వీళ్ళు బేరమాడలేదు. మర్యాదస్తులు. ఆలోచించుకుని చెబుతామని వెళ్ళిపోయారు.

నాలుగు రోజులు అమ్మ గేటు వైపే చూసింది. ఐదో రోజు అడిగింది, “వదినె వాళ్ళు ఎప్పుడొస్తరు?”

“అద్దె ఎక్కువనిపించిందేమో.”

“గంత ఎక్కువ ఎవరు జెప్పిండ్రు?”

“నేనే.”

అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. “జల్దీ ఫోన్ జెయ్యి. తక్కువకే ఇస్తరని జెప్పు,” అంది.

చేశాను. వాళ్ళు మచ్చ బొల్లారంలోనే, పాత ఇంటి వెనక గల్లీలో ఇల్లు తీసుకున్నారట. ముందురోజే సామాను దింపుకున్నారట. ఫోన్ పెట్టేసి అదే మాట అమ్మకు చెప్పాను. నాకు నిజంగా సిగ్గేసింది.

అమ్మ పక్కింటి వైపు చూసింది.

“గాడ పక్కింట్ల మనుషులుంటరా?” అని అడిగింది.

ఉంటారన్నాను.

“అయితే మంచిగైంది ఆమెకు,” అంది.