టేపక్క సాధించిన ఏడంగుళాలు

మెడలో కొలత టేపు లేకుండా టేపక్కను చూసినవాళ్ళు ఆ సందులో లేరు. పెళ్ళి పీటల మీద కూడా దాన్ని కొంగు చాటున పెట్టుకుని కూర్చుందని ఆడపడుచు ఇప్పటికీ దెప్పుతుంది. చదువు నాలుగో తరగతితో ఆగింది గానీ, మనిషిని ఒకసారి ఎగాదిగా చూసిందంటే అంగుళం తేడా రాకుండా కొలత చెప్పేస్తుంది. కుట్టుమిషన్ ఇంటి ముందుగదిలోనే.

భర్త గడియారాలు బాగుచేస్తాడు. చిన్నప్పుడే కాళ్ళు చచ్చుబడ్డాయి. చేత్తో తిప్పే మూడు చక్రాల బండిలో రోజూ సందు దాటి, పెద్దరోడ్డు పక్కన బల్ల ముందు కూర్చునేవాడు. ఇరవై ఏళ్ళుగా సరిగ్గా తొమ్మిదింటికి ఆ బండి గంట మోగేది. అది విని సందులోవాళ్ళు ఇంట్లో గడియారాలు సరిచేసుకునేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం ప్లాస్టిక్ కుర్చీల వ్యాను బ్రేకులు పట్టక, పెద్దరోడ్డు మీంచి వచ్చి సందు మొదట్లో గోడను గుద్దింది. డ్రైవర్ మోచేయి కాస్త గీసుకుపోవడం తప్ప ఏమీ కాకుండా బయటపడ్డాడు. కుర్చీలు సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదు. ఇప్పటికీ ఆ సందులో ఏ ఇంటికెళ్ళినా ఆకుపచ్చ కుర్చీయే వేస్తారు. వ్యాను మాత్రం కదల్లేదు. ముక్కు సందులో, తోక పెద్దరోడ్డు మీద. దానికీ ఎదుటి గోడకీ మధ్య మిగిలిన దారి ఇరవై రెండు అంగుళాలు. మూడు చక్రాల బండి వెడల్పు ఇరవై తొమ్మిది.

"ఏడంగుళాలే కదా బాబాయ్, నలుగురం కలిసి ఎత్తి దాటిస్తాం," అన్నాడు పక్కింటి పాలవాడు.

"ఇవాళ ఎత్తుతావు, రేపు ఎత్తుతావు. ఎల్లుండి నేను పిలిచే వేళకి నీకేదో పని తగులుతుంది. వద్దులేరా."

అలా ఇంట్లోనే ఉండిపోయాడు. నెల గడిచేసరికి సందు వ్యానుకి అలవాటు పడిపోయింది. దాని మీద బట్టలు ఆరేశారు. డ్రైవరు సీట్లో పిల్లి ఈనింది. ఆయన మాత్రం రోజురోజుకీ మాట తగ్గించుకుంటూ వచ్చాడు. మూడో నెలలో గోడగడియారానికి కీ ఇవ్వడం మానేశాడు. ఆ టిక్కుటిక్కు ఆగిపోయిన పూటే టేపక్క మిషన్ ఆపి చెప్పులు తొడుక్కుంది.

పోలీసు స్టేషన్లో, "మేం చూడాల్సింది నాలుగో రోజే చూసేశామమ్మా. మాకేం అభ్యంతరం లేదు. ఓనరే పత్తా లేడు," అని గోడ మీది నోటీసు చూపించారు. టేపక్క అక్షరం కింద వేలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. పోలీసు పరీక్ష అయిన పదిహేను రోజుల్లో యజమాని బండి తీయకపోతే, ఆ రోడ్డు ఏ ఆఫీసుదో వాళ్ళే వారంలో తీయించాలి. రెండు రోడ్ల మీద పడి ఉంటే, ఎక్కువ భాగం ఎవరి రోడ్డు మీదుంటే వాళ్ళదే బాధ్యత.

సందు మునిసిపాలిటీది. వాళ్ళు పెద్దరోడ్డు ఆఫీసుకి పొమ్మన్నారు. అక్కడ ఇంజనీరు ఫైలు తెరిచాడు.

"వ్యాను పొడవు పదిహేను అడుగులు. మా రోడ్డు మీద ఆరున్నర. మిగతా ఎనిమిదిన్నర సందులో. మాది కాదమ్మా."

"సందులో ఎవరు కొలిచారు బాబూ?"

"కొలవడమెందుకు? బండి పొడవు దాని కాగితాల్లోనే ఉంటుంది. అందులోంచి తీసేశాం."

టేపక్కకు నవ్వాగలేదు. "ఉతికితే ముడుచుకుపోయిన గుడ్డని, కొట్లో కొన్నప్పటి కొలత పెట్టి కత్తిరిస్తే చొక్కా ఎవరికి పడుతుంది బాబూ? గోడని గుద్దాక దాని ముక్కు లోపలికి పోయింది. వచ్చి చూడండి."

"చూద్దాంలేమ్మా."

"మీ తీరిక మీది. నా పని నేను తెచ్చుకున్నా," అని సంచీలోంచి చొక్కాలు తీసింది. రెండు రోజుల్లో ఆ బెంచీ మీద పదకొండు చొక్కాలకి కాజాలు కుట్టింది. మూడో రోజు ఇంజనీరే లేచాడు. "పదమ్మా. కళ్ళు మూసినా నీ సూదే కనిపిస్తోంది."

సందంతా బయటికొచ్చింది. ఇంజనీరుకి ఆకుపచ్చ కుర్చీ వేశారు. ఎక్కడిదని ఆయన అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. సందుకీ రోడ్డుకీ హద్దు, కాలువ మీది రాతిపలకే. అక్కడినుంచి టేపక్క తన టేపు పరిచింది. ఇంజనీరు తన ఇనుప టేపు లాగాడు.

"సందులో ఐదున్నర," అంది టేపక్క, కుట్టుసుద్దతో గీత గీసి. "మీ రోడ్డు మీద ఆరున్నర. మూడడుగులు గోడ మింగేసింది."

ఇంజనీరు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ కొలిచాడు. ఆయన టేపు కూడా సరిగ్గా ఆ సుద్దగీత దగ్గరే ఐదున్నర చూపించింది.

"మాదేనమ్మా," అన్నాడు.

ఆరో రోజు పొద్దున్నే క్రేను వచ్చింది. ఆరేసిన బట్టలు తీశారు. పిల్లీ పిల్లలూ టేపక్క ముక్కగుడ్డల బుట్టలోకి చేరాయి. వ్యాను గాల్లోకి లేస్తుంటే పాలవాడు ఈల వేశాడు. సందు మొత్తం చప్పట్లు కొట్టింది. గాజుపెంకులన్నీ ఊడ్చేదాకా టేపక్క క్రేను వాళ్ళని వదల్లేదు.

లోపల గోడగడియారానికి కీ తిప్పిన చప్పుడు వినిపించింది. కాసేపటికి మూడు చక్రాల బండి బయటికొచ్చి, సందు మొదట్లో ఆగింది.

"ఇదిగో, ఎంతుందో ఒకసారి కొలువు," అన్నాడు ఆయన.

టేపక్క టేపు మీద చెయ్యి కూడా వెయ్యలేదు. "కొలతెందుకండీ, చేతులు బారచాపుకుని వెళ్ళండి."

"చేతులు చాపితే బండెవరు తిప్పుతారే?" అని నవ్వుతూ గంట కొట్టాడు.

సందులోవాళ్ళు గడియారాలు చూసుకున్నారు. తొమ్మిదయింది.