కిటికీ దగ్గర అందరికీ చెప్పే మాట

ఆఫీసులో ఆమెకు బీరువా అని పేరు. ముఖాన ఎవరూ అనరు గానీ ఆ సంగతి ఆమెకూ తెలుసు, తెలిసీ తెలియనట్టే ఉంటుంది. విశ్వవిద్యాలయంలో ప్రవేశాల విభాగం, నేల అంతస్తులో మెట్ల పక్క గది, ఇరవై నాలుగేళ్ల ఉద్యోగం. సీటు కోసం వచ్చినవాళ్లను లోపల ముగ్గురు మాస్టార్లు కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. ఆ మాటలన్నీ రికార్డవుతాయి. సాయంత్రానికి అవి ఆమె చేతికొస్తాయి. పేర్లు తీసేసి నంబర్లు వేయాలి. మాటల మధ్యలో ఎవరైనా ఇంటి చిరునామానో, ఫోన్ నంబరో, తండ్రి జబ్బు సంగతో చెప్పేస్తే ఆ ముక్క వినపడకుండా చేసి, మార్కులు సరిచూసే పెద్దలకు పంపాలి. రెండేళ్లు తాళం వేసి ఉంచాలి, రెండేళ్లు నిండిన రోజున చెరిపేయాలి. ఇదీ పని.

ఆ చెవుల్లో ఎన్ని పడ్డాయో చెబితే నమ్మరు! మొదటి ప్రశ్నకే వెక్కి వెక్కి ఏడ్చినవాళ్లు, మాస్టారికే ఎదురు ప్రశ్న వేసినవాళ్లు, ఇంట్లో చెప్పకుండా వచ్చామని గుట్టు విప్పినవాళ్లు. అందులో ఒక్క ముక్క ఆ గది గడప దాటితే ఒట్టు. ఓసారి పక్కింటావిడ గిన్నెడు పాయసం పట్టుకొచ్చి, "మావాడు లోపల బాగా మాట్లాడాడా వదినా? నువ్వు వినే ఉంటావుగా" అని మెల్లగా కదిపింది. ఈమె పాయసం తిని, బాగుందని చెప్పి, గిన్నె కడిగి చేతిలో పెట్టింది. అంతే. పక్కింటావిడ ఆర్నెల్లు మాట్లాడలేదు.

పక్కింటావిడ మాట్లాడకపోతే ఏ కొంపా మునగదు. కూతురు మాట్లాడకపోతే ఏం చేస్తుంది మనిషి?

ఒక్కతే కూతురు. చిన్నప్పటినుంచీ దానికి రాళ్ల పిచ్చి. ఎక్కడికెళ్లినా జేబుల నిండా రాళ్లేసుకొచ్చేది, చొక్కాలు చిరిగేవి. రెండేళ్ల కిందట ఆ రాళ్ల చదువు కోసమే ఇక్కడికే దరఖాస్తు పెట్టింది. మనవాళ్ల ఫైలు మనం ముట్టకూడదని నియమం ఉంది. ఆ నియమం ఎవరూ గుర్తు చేయకముందే ఈమె కాగితం రాసి సూపరింటెండెంటు గారి బల్ల మీద పెట్టింది: ఈ నంబరు మా అమ్మాయిది, నాకు కనపడకుండా తాళం వేయండి అని. ఆయన వేశారు. ఆ రికార్డింగు ఈమె చెవిన పడలేదు. అమ్మాయికి సీటూ రాలేదు.

ఫలితాలొచ్చిన సాయంత్రం కూతురు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఎక్కడ పోయిందమ్మా నాకు? ఒక్క ముక్క చెప్పు చాలు" అంది.

"చెప్పకూడదే."

అయ్యో, నేను వినలేదే తల్లీ అని ఒక్క మాట అనొచ్చుగా! అనలేదు. ఎందుకంటే, వినలేదు కాబట్టి చెప్పడం లేదంటే, విని ఉంటే చెప్పేదాన్నే అన్న అర్థం వస్తుందట. అంత పట్టింపు మనిషిది. పట్టింపు తప్పని ఎవరంటారు గానీ, కన్నపిల్ల కళ్లనిండా నీళ్లు పెట్టుకుని నిలబడితే కూడా అదే లెక్కా? అమ్మ అంతా విని దాచిందనుకుంది ఆ పిల్ల. నెల తిరక్కుండా వేరే ఊళ్లో, గచ్చురాళ్లు అమ్మే కంపెనీలో చిన్న ఉద్యోగం చూసుకుని పెట్టె సర్దుకుంది.

అప్పటినుంచీ వారానికోసారి తండ్రికి ఫోన్ చేస్తుంది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు, మాటలు పొదుపు. "ఆ... ఆ... తిన్నావా... సరే" అంటాడు, అంతే. ఆ కాసేపూ ఈమె మడతపెట్టిన బట్టలే మళ్లీ మడతపెడుతూ అక్కడక్కడే తిరుగుతుంది. ఫోన్లోంచి సన్నగా గొంతు వినపడుతుంది గానీ మాట తెలియదు. ఊళ్లోవాళ్ల పిల్లల మాటలన్నీ చెవిలో పెట్టుకుని వినే మనిషికి తన పిల్ల గొంతు ఆ మాత్రమే దక్కుతోంది.

"ఏమందండీ?" అంటుంది ఫోన్ పెట్టేశాక.

"బాగుందట."

బాగుందట! ఆ ఒక్క ముక్కతో ఇంకో వారం గడపాలి. అది ఎక్కడుంటోందో, కిటికీలోంచి ఏం కనపడుతుందో, జలుబు చేస్తే ఎవరు చూస్తారో, ఒక్కటీ తెలియదు. ఆ ఇంటి చిరునామా అడగమని భర్తతో అనడానికి కూడా ఆమెకు మనసొప్పలేదు. అది ఇవ్వనిది నేనెలా తీసుకుంటాను అంది.

ఇలా ఉండగా ఓ మంగళవారం కిటికీ దగ్గరికి ఒకావిడ వచ్చింది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైనావిడ, ఈ వయసులో చదువుకుందామని దరఖాస్తు పెడితే సీటు రాలేదు. ఏం తప్పు చెప్పానో తెలిస్తే బాగుండునమ్మా అంది. ఈమె రోజుకు పదిసార్లు చెప్పే మాటే చెప్పింది.

"మీ గొంతు మీదేనండీ. ఈ ఫారం నింపి, గుర్తింపు కార్డు చూపిస్తే, రెండేళ్లలోపు ఎప్పుడైనా వచ్చి వినొచ్చు. కాపీ కావాలన్నా ఇస్తాం."

"అవునా! ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు తల్లీ. చెప్పేవాళ్లుండాలిగా" అంది నర్సమ్మ.

ఈమె ఫారం చేతికిచ్చి, కుర్చీలో కూర్చుంది. ముక్కూముఖం తెలియని వేలమందికి చెప్పిన మాట కన్నకూతురికి చెప్పలేదు. దాచాలని కాదు, తట్టనే లేదు. ఆఫీసు మాట ఇంట్లో ఎత్తకూడదని నోటికి ఎంత గట్టిగా తాళం వేసుకుందంటే, ఊరందరి హక్కు తన కూతురికీ ఉంటుందన్న సంగతే మరిచిపోయింది. చెరిపేయాల్సిన జాబితా తెరిచింది. రాళ్ల చదువు, ఆ ఏడాది బ్యాచ్. గడువు శుక్రవారం. శుక్రవారం దాటితే ఆ పిల్ల అడిగినదానికి జవాబు లోకంలో ఎక్కడా ఉండదు.

ఆ సాయంత్రం భర్త ఫోన్ తీసుకుని తనే చేసింది.

"చెప్పు నాన్నా" అంది కూతురు, తండ్రనుకుని.

రెండేళ్ల తర్వాత ఆ గొంతు అంత దగ్గరగా వినేసరికి ఆమెకు అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. నాలుక మీద ఉన్నదే వచ్చింది. "మీ గొంతు మీదేనండీ. ఫారం నింపి, గుర్తింపు కార్డు చూపిస్తే, రెండేళ్లలోపు..."

"అమ్మా? నన్ను మీరు అంటున్నావేంటి?"

"శుక్రవారం చెరిపేస్తారే. నువ్వొచ్చి వినొచ్చు. నీకు చెప్పలేదు నేను."

"రెండేళ్లకా చెప్పేది?" అంది కూతురు. ఫోన్ పెట్టేసింది.

బుధవారం రాలేదు, గురువారం రాలేదు. బస్సొచ్చినప్పుడల్లా ఈమె గేటు వైపు చూస్తూనే ఉంది. శుక్రవారం పదకొండింటికి కిటికీ దగ్గర మనిషి నీడ పడింది. కూతురే. చిక్కిపోయింది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది.

"ఫారం ఇవ్వండి" అంది.

"నేనివ్వకూడదే" అని సూపరింటెండెంటు గారిని పిలిచి, ఈమె తన కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుంది. ఆ ఫారంలో మూడో గడి ప్రస్తుత చిరునామా. వెనకాల కలం గీస్తున్న చప్పుడు వినపడుతోంది. తల కాస్త తిప్పితే చాలు, దాని ఇల్లు తెలిసిపోతుంది. తిప్పలేదు మహాతల్లి. గోడ మీది పెచ్చులే చూస్తూ కూర్చుంది.

సూపరింటెండెంటు గారు అమ్మాయిని పక్కనున్న చిన్న గదిలోకి తీసుకెళ్లారు. పావుగంట తర్వాత తలుపు తెరుచుకుంది. "మా అమ్మను కూడా రమ్మనండి" అంది అమ్మాయి.

"మీ రికార్డు, మీ ఇష్టం. కాకపోతే ఒక సంతకం పెట్టాలి" అన్నారాయన. పెట్టింది. ఆయన ఈమె వైపు చూసి, "వెళ్లండమ్మా, ఇప్పుడు ఏ నియమమూ అడ్డురాదు" అన్నారు.

తల్లీకూతుళ్లు ఇయర్‌ఫోన్లు చెరొకటి చెవికి పెట్టుకుని విన్నారు. మొదట్లో గొంతు గలగల పారింది. నల్లరాయి ఎలా పుడుతుందో, చేతిలో పట్టుకుంటే ఏం తెలుస్తుందో, మాస్టార్లకే పాఠం చెప్పినంత పని చేసింది. తల్లికి పెదవులు వాటంతటవే విచ్చుకున్నాయి. అప్పుడు ఒక మాస్టారి గొంతు: "పని చేయడమంటే ఇలా ఉండాలని మీరు ఎవర్ని చూసి నేర్చుకున్నారు? మీకు దగ్గరివాళ్లలో ఒకరి గురించి చెప్పండి."

రికార్డులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఎవరిదో కుర్చీ కిర్రుమంది. "ఎవరైనా సరేనమ్మా" అన్నారు మాస్టారు. ఊపిరి తీసుకున్న చప్పుడు, మళ్లీ ఏమీ లేదు. చాలాసేపటికి, "ఎవరూ లేరండి."

ఆ తర్వాత అన్నీ ముక్తసరి జవాబులే. అవును, కాదు, తెలియదండి. అయిపోయింది.

"ఎవరూ లేరన్నావేమే?" అంది తల్లి. "ఎవరో ఒకరి పేరు చెప్పి ఉంటే సీటొచ్చేదిగా!"

"ఆ రోజు పొద్దున్నే చెప్పులేసుకుంటుంటే నువ్వేమన్నావు నాతో?"

తల్లికి గుర్తొచ్చింది. లోపల నా ఊసెత్తకు, నా పేరు గానీ నా పని గానీ నీ నోట రాకూడదు అంది. రెండుసార్లు అంది.

"ఇంకెవరి గురించి చెప్పనమ్మా? ఎవర్ని చూశాను నేను?" అంది కూతురు. "ఇదంతా నువ్వు విన్నావనుకున్నా. విని కూడా, పోనీలే నా వల్లే అని ఒక్క మాట అనలేదనుకున్నా."

"వినలేదే. నీ మీద ఒట్టు, వినలేదు. నా వల్లే."

సూపరింటెండెంటు గారు తలుపు దగ్గర దగ్గారు. "కాపీ తీయమంటారా, చెరిపేయమంటారా?"

"చెరిపేయండి" అంది అమ్మాయి.

వేల గొంతులు తన చేత్తో చెరిపేసిన మనిషి గబుక్కున కూతురి చెయ్యి పట్టుకుంది. "ఉంచుకోవే. నీ గొంతే కదే అది."

"ఎందుకమ్మా? అందులో నీ గురించి ఏమీ చెప్పలేదుగా."

తల్లి ఆ చెయ్యి వదల్లేదు. "ఇప్పుడు చెప్పు" అంది.