మా అత్త ఏడుపు

మా అత్త ఏడిస్తే వినడానికి జనం వచ్చేవారు. ఇలా రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుందని తెలుసు, కానీ మా వైపు పుట్టినవాళ్లకి అర్థమవుతుంది. కళింగపట్నం దగ్గర మా పల్లెలో ఎవరు పోయినా, ఆడవాళ్లు శవం పక్కన కూర్చుని మాటలు కట్టి, రాగం తీసి ఏడుస్తారు. పోయిన మనిషి మంచీ చెడ్డా అందులోనే చెప్పేస్తారు. ఆ ఏడుపులో మా అత్తని మించినవాళ్లు లేరు. ఆవిడ మా నాన్నకి అక్క. నాకు మేనత్త, తర్వాత అత్తగారు. నా చిన్నప్పుడే అమ్మ పోతే నన్ను పెంచిందీ ఆవిడే.

మావయ్య పోయినప్పుడు ఆవిడ ఏడ్చిన ఏడుపు నాకు మాట మాటా గుర్తుంది. "వల భుజానేసుకుని ఎల్లేవోడివి బావో, ఇయ్యేల నలుగురి భుజాలెక్కినావు బావో" అంది. "తాగొచ్చి నన్ను కొట్టిన సెయ్యి ఇదే బావో, జొరమొస్తే నా తల నొక్కిన సెయ్యీ ఇదే బావో" అంది. ఆ కొట్టడం సంగతి అంతవరకూ ఎవరి దగ్గరా ఎత్తిన మనిషి కాదు. ఆ రోజు ఊరి పెద్దల ముందే ఎత్తితే, నోరు ముయ్యమని ఒక్కరూ అనలేదు. తలలు వంచుకుని విన్నారు. మధ్యలో ఏడుపు ఆపి, కళ్లు తుడుచుకుని, దూరం నుంచి వచ్చినవాళ్లకి మంచినీళ్లు ఇచ్చారా అని అడిగింది. ఇచ్చామనగానే, వదిలిన చోటునుంచి మళ్లీ అందుకుంది.

ఆ తర్వాత ఏడాదిపాటు ఆవిడ మొహంలో నవ్వు చూడలేదు. టీవీ మీద పాత తువ్వాలు కప్పేశాం. పొద్దున్నే చేపల గంప ఎత్తుకుని వెళ్లడం, రావడం, గోడకి ఆనుకుని కూర్చోవడం, అంతే. సంవత్సరీకం అయ్యాక, ఈవిడని ఎలాగైనా ఒక్కసారి నవ్వించాలని నాకు పట్టుదల పుట్టింది. నాకు పట్టుదల వస్తే ఇంట్లో ఎవరికీ సుఖం ఉండదని మా ఆయన అంటాడు.

అప్పట్లో టీవీలో ఒక కామెడీ కార్యక్రమం జనాన్ని ఊపేస్తోంది. శ్రీకాకుళం వెళ్లే బస్సులో, రీచార్జి కొట్లో, పెళ్లి భోజనాల బంతిలో, అందరి నోటా అందులో డైలాగులే. డిగ్రీ చదివేటప్పుడు నాతో హాస్టల్లో ఉన్నవాళ్లు ఫోన్ చేసి, "ఇంకా చూడలేదా?" అని నేనో వింత జంతువునన్నట్టు మాట్లాడేవారు. సరిగ్గా ఆ వారం, రాబోయేది 'సిక్కోలు స్పెషల్' అని ప్రకటనలతో ఊదరగొట్టారు. సిక్కోలంటే మా శ్రీకాకుళమే. నేను పొంగిపోయాను. హాస్టల్లో నా నోట "ఏటి" అని వస్తే వేరే జిల్లాల పిల్లలు పడీ పడీ నవ్వేవారు. మొదటి ఏడాది అయ్యేసరికి నేను "ఏంటి" అనడం నేర్చేసుకున్నాను. అలాంటి మా మాట రాష్ట్రమంతా వినబోతోందంటే పొంగిపోనా మరి!

"అత్తా, ఆదివారం గంప ఎత్తకు. టీవీలో మన మాట మాటాడతారట" అన్నాను.

"మన మాట టీవీలో ఎవులు మాటాడతారే? నీకు పనీపాటా నేదు."

"సూద్దువుగాని, కూకో."

ఆదివారం మధ్యాహ్నం దాన్ని మళ్లీ వేసేవారు. ఊరుకున్నానా, పక్కింటావిడని, ఎదురింటావిడని కూడా పిలిచాను. ఉల్లిపాయ పకోడీలు వేశాను. అత్తని చెయ్యి పట్టుకుని తెచ్చి టీవీకి ఎదురుగా కూర్చోబెట్టాను.

మొదలవగానే తెర మీద పాడె, దాని మీద శవం. పక్కనే చీర కట్టుకున్న మగవాడొకడు జుట్టు విరబోసుకుని గుండెలు బాదుకుంటున్నాడు. "ఓ బావో" అని రాగం అందుకున్నాడు.

అత్త ముందుకి వంగింది. "అయ్యో, ఎవులు పోనారే?" అంది.

నిజమనుకుంది. నేను చెప్పేలోపే వాడు, "ఫోను లాకు నంబరు సెప్పకుండా పోనావు బావో" అన్నాడు. జడ్జీలు కుర్చీల్లోంచి లేచి చప్పట్లు కొట్టారు. నాకూ నవ్వొచ్చేసింది. వాడు మావాళ్ల ఏడుపు ఎక్కడో దగ్గరగా కూర్చుని చూసే ఉంటాడు. కొంగుతో ముక్కు చీదడం, తల అటూ ఇటూ ఊపడం, అన్నీ అచ్చం దించేశాడు. ఏడుస్తూ ఏడుస్తూ ఠక్కున ఆపి, "నా టీలో పంచదార తగలెయ్యండర్రా" అని, మళ్లీ "ఓ బావో" అన్నాడు. శవం లేచి కూర్చుని, "నాకొద్దు, సుగరున్నాది" అంది. పకోడీ నములుతున్న పక్కింటావిడకి పొలమారింది.

అత్త నావైపు తిరిగింది. నా మొహాన నవ్వు ఇంకా అలాగే ఉంది.

"నానూ అలగే ఏడిసినానేటే?" అని అడిగింది.

"కాదత్తా. అదేదో ఊరికే, నవ్వించడానికి..."

"కాదంతావేటి. బాగానే సేత్తన్నాడు. అలగే ఏడుత్తాం." ఆవిడ గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టినా బాగుండేది. "మనం ఏడుత్తంటే సూసినోలికి నవ్వొస్తాదన్నమాట. నాకు తెల్దు."

అలా అని, లేచి, ఎండుతున్న చేపలు తిరగేయడానికి పెరట్లోకి వెళ్లిపోయింది. నేను టీవీ కట్టేశాను. సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి. వచ్చిన ఇద్దరూ పకోడీల పళ్లెం కిందపెట్టి, పని ఉందని చెప్పి వెళ్లిపోయారు.

ఇంత పేరున్న కార్యక్రమం, మా జిల్లా పేరు పెట్టుకుని, మా మాటని పాడె పక్కకి తప్ప ఇంకెక్కడికీ తీసుకెళ్లలేకపోయిందని చాలా రోజులు తిట్టుకున్నాను. తిట్టుకుని ఏం లాభం? వాళ్లు ఎక్కడో స్టూడియోలో ఉన్నారు. మా అత్తని చెయ్యి పట్టుకుని తెచ్చి టీవీ ముందు కూర్చోబెట్టింది నేను. వాడి మొదటి మాటకే నవ్విందీ నేనే.

ఒకటి రెండేళ్ల తర్వాత మా నాన్న పోయాడు. ఎండుచేపల వ్యాపారం కోసం పక్క జిల్లాలో గజపతినగరం వెళ్లి, అక్కడే ఓ ఇంట్లో అద్దెకుండేవాడు. కబురు తెలిసి మా పల్లె నుంచి వ్యాను కట్టించుకుని వెళ్లాం. వెంట వచ్చిన ఆడవాళ్లు అత్తకి దారిచ్చి ఆగారు. ఆవిడ మొదలుపెడితే గొంతు కలుపుదామని చూస్తున్నారు. అత్త తమ్ముడి కాళ్ల దగ్గర కూర్చుంది. రెండు పాదాలూ పట్టుకుంది. నోరు తెరిచింది, తెరిచి కొంగు కుక్కేసుకుంది.

"ఏడవే అత్తా" అన్నాను చెవి దగ్గర.

ఆవిడ గుమ్మం వైపు చూసింది. ఆ వీధివాళ్లు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఒద్దే. ఈలు నవ్వుతారు. నీకు నామోసీ."

నేను ఏడుద్దామనుకున్నాను. మా నాన్న గురించి నలుగురిలో చెప్పాల్సింది చాలా ఉంది. నన్ను చూడ్డానికి హాస్టల్‌కి వచ్చినప్పుడల్లా, తన దగ్గర చేపల వాసన వస్తుందని గేటు బయటే నిలబడేవాడు. లోపలికి రా నాన్నా అని నేను ఒక్కసారీ అనలేదు. అది చెప్పాలి. "నాన్నా" అన్నాను. ఆ తర్వాత ఎలా అందుకోవాలో నాకు తెలియలేదు. మా ఊరి ఆడవాళ్లందరూ కిందకి చూస్తూ కూర్చున్నారు.

ఎండ ఎక్కకముందే నాన్నని శ్మశానానికి తీసుకెళ్లిపోయారు. ఇంటి ఓనరు గారి భార్య వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మీవాళ్లు గోల చేస్తారేమోనని భయపడ్డానమ్మా. ఎంత పద్ధతిగా జరిపించారు!" అని మెచ్చుకుంది.

అత్త పక్కనే ఉంది, వింటోంది. నేను "థాంక్సండీ" అన్నాను.