మునసబు మీద అర్జీ

అప్పట్లో నేనెంత వెర్రివాణ్ణో తలుచుకుంటే నా మీద నాకే మండుతుంది. ఉద్దానంలో సముద్రం ఒడ్డు పల్లెలో బడిపంతులుగా ఉండేవాణ్ణి. మునసబు మీద తాసీల్దారు, తాసీల్దారు మీద కలెక్టరు, కిందవాడు తప్పు చేస్తే పైవాడు చెవి మెలేస్తాడని పిల్లలకి చెప్పేవాణ్ణి. చెప్పడమే కాదు, నమ్మాను కూడా.

ఆ ఏడు పలాస వైపు వెళ్ళే ఒక అధికారి సామాను మొయ్యడానికి మునసబు జాలర్లని వెట్టికి పిలిచాడు. ఒక ముసలి జాలరి రానన్నాడు. చేప దండిగా పడే రోజులవి, అవి పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. మునసబు తలయారిని పంపి అతని వల లాక్కొచ్చి తన సావిట్లో పడేయించాడు. ఆ ఇంటికి ఉన్నది అదొక్కటే వల.

"వల నేకుండా నానేటి సేత్తాను బాబూ? పైవోళ్ళకి ఒక ముక్క రాయండి," అని ముసలాయన మా అరుగు మీద కూలబడ్డాడు.

రాశాను. జరిగింది జరిగినట్టు రాశాను. కలెక్టరు దొర టెక్కలిలో మకాం చేశాడని తెలిసి ఇద్దరం నడిచి వెళ్ళాం. దొర అర్జీ చేతికి తీసుకున్నాడు, మొత్తం చదివించుకుని విన్నాడు, పక్కన ఏదో రాశాడు. తిరిగొస్తుంటే ముసలాయన దారిపొడుగునా నన్ను దీవిస్తూనే ఉన్నాడు. నేనూ ఛాతీ విరుచుకునే నడిచాను, అబద్ధమెందుకు.

నెల తిరక్కుండా మునసబు కబురంపాడు. వెళ్ళేసరికి నా అర్జీ ఆయన ఒళ్ళో ఉంది. కలెక్టరు తాసీల్దారుకి పంపాడట, తాసీల్దారు రెవిన్యూ ఇనస్పెక్టరుకి, ఇనస్పెక్టరు మునసబుకి. ప్రతి సంతకం పైనా ఒకటే మాట, విచారించి జవాబు పంపమని. ఎవరి మీద రాశానో ఆయన్నే విచారించమన్నారు. ఇంత మోసం ఉంటుందా లోకంలో?

మునసబు కేకలెయ్యలేదు. కూర్చోమన్నాడు.

"మేస్టారూ, నాకు కళ్ళు ఆనట్నేదు. జవాబు మీరే రాసీండి. వల ఎవుళూ లాక్కోనేదు, ఆడే ఇష్టపడి నాకిచ్చీసేడు, తగువేటీ నేదని రాయండి." కలం నా ముందుకి తోసి, "మీ బడి జరుగుతున్నట్టు నెలనెలా సంతకం నానే సేత్తన్నాను గదా," అన్నాడు.

ఆ సంతకం పడకపోతే నాకు జీతం రాదు. ఇంట్లో నలుగురు బిడ్డలు. రాశాను. సిగ్గులేని చెయ్యి, ఒక్క అక్షరం వంకర పోలేదు.

కింద అర్జీదారు వేలిముద్ర పడాలి. అది పడితే ఆ వల మీద ముసలాయనకి ఇంక మాట ఉండదు. ఆయన్ని పిలిపించారు. మునసబు వైపు కన్నెత్తి చూడలేదు, నా చేతిలో కాయితాన్నే చూశాడు.

"ఇది మీరే రాసేరా బాబూ?" అన్నాడు.

"నేనే," అన్నాను.

"మరింకేటి," అని నవ్వి, బొటనవేలు ముందుకు చాపాడు.