తాళం వేసిన వైఫై

మా తెలుగు సంఘం హాల్లో నేను నా చేత్తో బిగించిన ఇనప పెట్టె గొళ్లేన్ని, నేను ఊళ్లో లేని పూట ఊడబెరికారు. ఎవరు చేశారని అడిగితే ఒక్కరంటే ఒక్కరు నిజం చెప్పలేదు. జరిగిన అన్యాయం ఇదీ. ముందు దీన్ని కాగితం మీద పెట్టేస్తే నా మనసు కుదుటపడుతుంది. ఆ తర్వాత మిగతా సంగతులు చెబుతూ నన్ను నేను ఎంత బుద్ధితక్కువగా చూపించుకోవలసి వచ్చినా చూపించుకుంటాను.

ఆ రోజుల్లో నేను ముసలితనానికి కొత్త. ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషి ఎంత అమాయకంగా, ఎంత మిడిసిపాటుతో ఉంటాడో, రిటైరైన కొత్తలోనూ అచ్చం అలాగే ఉంటాడని నాకప్పటికి తెలియదు. నేను ఖరగ్‌పూర్‌లో రైల్వేవాళ్ల నిమ్‌పురా యార్డులో ఖలాసీగా చేరి సిగ్నల్ మెయింటెయినర్‌గా దిగిపోయినవాణ్ణి. బళ్లో చదివింది ఎనిమిదో తరగతి. మిగతాదంతా నాకు నేనే చెప్పుకున్నాను. ఇంగ్లీషు మాన్యువల్లో మాట తెలియకపోతే నిఘంటువు చూసేవాణ్ణి. (నిఘంటువులో 'అవరోధము' అని ఉంటే, ఆ అవరోధమంటే ఏమిటో చూడటానికి ఇంకో నిఘంటువు కొన్న చరిత్ర నాది.) అలా కష్టపడి నేర్చుకున్నవాడికి ఒక జబ్బు వస్తుంది. తనకు తెలియనిది లోకంలో ఇంక మిగల్లేదనుకుంటాడు. నాకా జబ్బు ముదిరిన దశలోనే ఉద్యోగం అయిపోయింది. క్వార్టరు వదిలేసి మలంచా వైపు సొంతింట్లోకి మారాం. పొద్దున్నే డ్యూటీ వేళకు లేచి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని, బూట్ల తాళ్లు బిగించుకున్నాక గుర్తొచ్చేది, వెళ్లవలసిన చోటు లేదని.

"ఏటండీ, బూట్లేసుకున్నారు?" అనేది మా ఆవిడ వంటింట్లోంచి.

"ఊరికే."

"ఊరికే అయితే సెప్పులు సాలవేటి?"

సరిగ్గా అప్పుడే పక్కింటి బుజ్జమ్మ వల్ల నాకో పని దొరికింది. వాళ్లమ్మ నన్ను బాబయ్యా అంటుంది కాబట్టి బుజ్జమ్మ నాకు మనవరాలి వరస. నర్సింగు పూర్తి చేసి ఉద్యోగాల కోసం చూస్తోంది. ఇప్పటి ఇంటర్వ్యూలు ఫోన్లో మొహం చూపించి జరుగుతాయి కదా, ఒకసారి అలాగే ఇంట్లోంచి ఇస్తుంటే మధ్యలో సిగ్నలు పోయి, దాని మొహం నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయిందట. అవతలివాళ్లు కాసేపు ఆ తెరిచిన నోటిని చూసి ఇంకో అమ్మాయిని పిలిచేసుకున్నారు. బుజ్జమ్మ రెండు పూటలు అన్నం తినలేదు. విశాఖపట్నంలో ఆస్పత్రి నుంచి మళ్లీ ఇంటర్వ్యూ రాబోతోంది, ఈసారి కూడా ఇలాగే అయితే ఏం గతి అని వాళ్లమ్మ ఏడుపు. అప్పుడు మా సంఘం సెక్రటరీ (నాకు బావ వరస) ఒక ఆలోచన చెప్పాడు. సంఘం ఆఫీసుగదిలో ఇంటర్నెట్టు లైను ఎలాగూ ఉంది. దాన్ని గోడ దాటించి హాల్లో వైఫై పెట్టిస్తే బుజ్జమ్మే కాదు, పిల్లలందరూ వచ్చి చదువుకుంటారు.

"ఎవల్నైనా పిలిపించమంటావేటి బావా?" అన్నాడు.

"సిగ్నలు పని చేయించడానికి నిమ్‌పురా వాడికి మనిషి కావాలా?" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ వాక్యం నా చెవుల్లో ఇంకా మోగుతుంది.

మలంచా రోడ్డు మీద కంప్యూటర్ సామాన్లమ్మే బెంగాలీ దాదా దగ్గర యాక్సెస్ పాయింటు కొన్నాను. గోడలోంచి వచ్చే వైరును అందుకుని నెట్టును గాల్లో పంచిపెట్టే తెల్లటి బిళ్ల అది, ఇడ్లీ పళ్లెమంత ఉంటుంది. డబ్బా చేతికిస్తూ, "కాకూ, ఖోలా జాయ్‌గాయ్ లాగాబేన్" అన్నాడతను. నలువైపులా తెరపిగా ఉన్నచోట పెట్టమని. నాకు ఒళ్లు మండింది. సిగ్నల్ సామాను తెరపిన వదిలేస్తే ఛార్జిషీటు తప్పదు. రైలుపట్టాల పక్కన బూడిదరంగు ఇనప పెట్టెలు చూసే ఉంటారు. విలువైనదేదైనా వాటిలో ఉండాలి, వాటికి తాళం ఉండాలి, తాళంచెవి మెయింటెయినర్ ఒంటిమీద ఉండాలి. నేను నేర్చుకున్న వేదం అది. అతనికి మాత్రం "ఠీక్ హై, ఠీక్ హై" అని తల ఊపి వచ్చేశాను.

పని మాత్రం అందంగా చేశాననే ఇప్పటికీ అంటాను. గోడకు కన్నం వేసి వైరు లాగి, ఎక్కడా వంకర లేకుండా క్లిప్పులు కొట్టాను. వర్క్‌షాపులో పనిచేసిన పాత స్నేహితుడి చేత దిట్టమైన ఇనప పెట్టె చేయించి, బూడిదరంగు వేయించి, హాలు గోడకు నాలుగు బోల్టులతో బిగించి, తెల్లబిళ్లను అందులో కూర్చోబెట్టాను. తలుపు తీసి ఉంచి, మాన్యువల్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుకుంటూ నెట్‌వర్కుకు పేరు పెట్టాను. పాస్‌వర్డ్ ఎవరూ ఊహించలేనిదై ఉండాలన్నారు కాబట్టి నా ఉద్యోగపు టోకెన్ నంబరు పక్కన మా పెళ్లి తారీఖు చేర్చాను.

ప్రారంభోత్సవం నాడు కొబ్బరికాయ కొట్టాక, మొదట మా ఆవిడ ఫోనుకే నెట్టు రావాలని నేను ముచ్చటపడ్డాను. ఆవిడ కొట్టింది. రాలేదు. మళ్లీ కొట్టింది. రాలేదు.

"టోకెన్ నంబరు సరిగా కొట్టావా?"

"కొట్టినానండీ."

"పెళ్లి తారీఖు?"

"అదీ కొట్టినాను."

"ఇటివ్వు" అని తీసుకుని నేను కొట్టాను. వచ్చింది. ఆవిడ నా వేలు కదిలిన చోటు చూసింది, నా మొహం చూసింది. "మన పెళ్లి ఆ మర్నాడండీ" అంది, హాలంతా వినబడేలా. మార్చేస్తానన్నాను. "ఒద్దు, ఉండనీండి. అందరికీ తెలియాల" అంది. ఆనాటినుంచి హాలుకు ఎవరు కొత్తగా వచ్చి పాస్‌వర్డ్ అడిగినా, "బాబయ్య టోకెన్ నంబరు, ఆయన పెళ్లికి ముందు రోజు" అని చెబుతారు. (ఈ పరువు నష్టం అసలు అన్యాయంలోకి రాదు. వేరే లెక్క.)

సాయంత్రం అందరూ వెళ్లాక తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని ఇంటికొచ్చాను. మర్నాడు కబురు, నెట్టు రావడంలేదని. వెళ్లాను. తాళం తీశాను. తెల్లబిళ్ల తీగ పీకి, ఊది, తుడిచి మళ్లీ గుచ్చాను. వచ్చింది! పిల్లలు ఈలలు వేశారు. కాసేపు కూర్చుని, మళ్లీ తాళం వేసి వచ్చేశాను. ఆ మర్నాడు మళ్లీ కబురు. మళ్లీ వెళ్లాను, ఊదాను, తుడిచాను, గుచ్చాను. వచ్చింది. ఇలా కొన్నాళ్లు జరిగేసరికి హాల్లో ఒక మాట పుట్టింది. బాబయ్య ఎదురుగా ఉంటేనే నెట్టొస్తాదని.

ఈ మాట విని సిగ్గుపడాల్సింది పోయి నేను పొంగిపోయాను. సామాను చెయ్యి తెలిసిన మనిషిని గుర్తుపడుతుందని మా పాత మిస్త్రీలు అనేవారు, అదే నిజమనుకున్నాను. ఇక ప్రతిరోజూ మధ్యాహ్నం కునుకు తీసి లేచాక బూట్లు వేసుకుని హాలుకు వెళ్లేవాణ్ణి. పెట్టె తలుపు బార్లా తెరిచి, దాని పక్కన కుర్చీ వేసుకుని, లోపలి పచ్చదీపం మీద ఒక కన్నేసి కూర్చునేవాణ్ణి. బుజ్జమ్మ ఓ మూల తన స్నేహితురాలితో ఫోన్లో ఉత్తుత్తి ఇంటర్వ్యూలు ఇచ్చుకునేది. నేను కూడా ప్రశ్నలు అందించేవాణ్ణి. ("రోగికి జ్వరం ఎంత ఉంటే నువ్వు ఎంత కంగారుపడతావు?" అనడిగాను ఒకసారి. "నర్సు కంగారు పడకూడదు తాతా" అంది.) ఎవరో ఒకరు టీ ఇచ్చేవారు. చీకటి పడే వేళకు తాళం వేసుకుని, డ్యూటీ దిగిన మనిషిలా ఇంటికొచ్చేవాణ్ణి. రాత్రి భోజనం కూడా రుచిగా ఉండేది.

సెక్రటరీ బావ ఒకసారి నసిగాడు. "బావా, ఇంకో తాళంచెవి నా కాడ ఉంచితే ఏటి? నీకెప్పుడైనా ఏదైనా పని పడితే..."

"మెయింటెయినర్ తాళంచెవి స్టేషన్ మాస్టరుకు కూడా ఇవ్వడు" అన్నాను. బుజ్జమ్మకు మాత్రం మాటిచ్చాను. "నీ ఇంటర్వ్యూ అయ్యేదాకా నేను ఈ కుర్చీలోంచి లేవను, సరా?"

ఇంటర్వ్యూ, నాకు తెలియకుండానే, ఒక రోజు ముందుకు జరిగింది. ఆ రోజు నేను మా ఆవిడను కంటి డాక్టరుకు చూపించడానికి మేదినీపూర్ తీసుకెళ్లాను. ఆస్పత్రిలో ఫోన్లు మోగకూడదని బోర్డుంటే నా ఫోను నోరు నొక్కేశాను. (బోర్డు మీద రాసింది రాసినట్టు పాటించే మనిషిని, అదే నా కొంప ముంచింది.) బయటికొచ్చి చూస్తే అన్నీ బుజ్జమ్మ ఫోన్లే. తిరిగి చేస్తే ఎత్తదు. కళ్లలో మందు పోసి ఉన్న మా ఆవిడను చెయ్యి పట్టుకుని బస్సెక్కించి, ఖరగ్‌పూర్‌లో దిగి, టోటో (బ్యాటరీ ఆటో) పట్టుకుని హాలుకు చేరేసరికి ఇంటర్వ్యూ అయిపోయింది. బుజ్జమ్మ ఒంటిమీద ఇస్త్రీ చీర, కాళ్లకు హవాయి చెప్పులతో నిలబడి నవ్వుతోంది. నా పెట్టె తలుపు ఒక్క బందు మీద వేలాడుతోంది. తెల్లబిళ్లను బయటికి లాగి, క్యాలెండరు తగిలించే మేకుకు ఎవరిదో లంగాబొందుతో (ఎవరిదని నేను అడగలేదు) కట్టేశారు. హాల్లో ప్రతి ఫోనుకూ నెట్టు వస్తోంది. నేను పెట్టె ముందు లేను, ఊదలేదు, తుడవలేదు, ఐనా వస్తోంది.

నిలబడ్డ చోటే నాకు అర్థమైపోయింది. యార్డులో నా సిగ్నళ్లన్నీ తీగ వెంట వెళ్లేవి, వాటికి ఇనప పెట్టె అడ్డం కాదు. ఇది గాలి వెంట వెళ్లేది. దానికి ఇనప తలుపు వేసి, తాళం పెట్టి, తాళంచెవి మొలకు కట్టుకుని తిరిగాను. నేను తలుపు తీసినప్పుడు వచ్చింది, మూసినప్పుడు పోయింది, అంతే. నా చెయ్యీ లేదు, నా ఊదుడూ లేదు. ఇనుము లోపల రేడియో పెడితే ఏమవుతుందో కుర్ర ఖలాసీలకు పాఠం చెప్పినవాణ్ణి నేను! చెవుల దాకా వేడెక్కింది. ఆ సిగ్గును అక్కడ అందరి ముందూ మొయ్యలేక, చేతికందిన కోపాన్ని పట్టుకున్నాను.

"నా పెట్టె గొళ్లెం ఊడబెరికిందెవరు?" అని అరిచాను.

"నాకు తెల్దు బాబయ్యా, నేను టీ కాస్తన్నాను" అంది బుజ్జమ్మ తల్లి. "నేనూ టీ కాడే ఉన్నాను బావా, ఒగ్గెయ్" అన్నాడు సెక్రటరీ. విచారిస్తే ఆ వేళ హాల్లో ఉన్న ప్రతి మనిషీ టీ కాస్తూనే ఉన్నాడు. నేను పెట్టెను బోల్టులతో సహా విప్పి చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. తాళం మాత్రం చెక్కుచెదరలేదు, పోయింది గొళ్లెమే. ఇది కూడా రాసి ఉంచాలి.

ఆ తర్వాత హాలు గడప తొక్కలేదు. దారిలో కనబడ్డవాళ్లనల్లా అదే ప్రశ్న అడిగాను, అందరూ అదే టీ కాశారు. బుజ్జమ్మకు ఉద్యోగం వచ్చింది. విశాఖపట్నం వెళ్లేముందు దండం పెట్టడానికి వస్తే పెరట్లో ఏదో పనున్నట్టు తప్పుకున్నాను. (ఇది రాస్తుంటే ఇప్పుడూ తల వంగిపోతోంది.) నా మధ్యాహ్నాలు మళ్లీ పొడుగయ్యాయి.

మొదటి సెలవుకు వచ్చినప్పుడు బుజ్జమ్మ తిన్నగా మా ఇంట్లోకే వచ్చేసింది. నేను వరండాలో కూర్చుని ఉన్నాను.

"ఎక్కడికి బయల్దేరినావు తాతా?"

"ఎక్కడికీ లేదు."

"మరి బూట్లేటి?"

"రోజూ నేనూ అదే అడుగుతన్నానమ్మా" అంది మా ఆవిడ లోపల్నించి.

నేను మాట మార్చి నా పాత ప్రశ్న వేశాను. బుజ్జమ్మ తడుముకోలేదు. "నేనే తాతా. పచ్చడి బండెట్టి కొట్టినాను. ఎంత గట్టి గొళ్లెం ఎట్టినావు, సెయ్యి వాసిపోయినాది! ఇంటర్వ్యూ అంతా ఆ సెయ్యి బల్ల కిందెట్టుకునే కూసున్నాను."

నా గొళ్లేన్ని మెచ్చుకునేసరికి సగం కోపం అక్కడే చచ్చింది. "పెట్టె మూస్తే నెట్టు రాదని ఆ రోజు కనిపెట్టారన్నమాట" అన్నాను.

"ఆ రోజేటి తాతా? ఎట్టిన వారమే తెలిసిపోనాది. అందరికీ తెలుసు."

"అందరికీ అంటే... మీ అమ్మమ్మకు కూడానా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. "నేను టీ కాస్తన్నానండీ" అని వినబడింది.

నా కళ్లు బూట్ల మీదికి దిగాయి. పెట్టె పక్కన కుర్చీలో దర్జాగా కూర్చుని పచ్చదీపం చూసుకుంటున్న ఆ పెద్దమనిషి కళ్లముందు కదిలాడు. మొదట్లో రోజూ అతన్ని పిలవడానికి ఎవరో ఒకరు కబురు మోసుకొచ్చేవారు. అతను ఊదుతుంటే తలలూపేవారు, నెట్టు రాగానే ఈలలు వేసేవారు. అతను తాళం వేసుకుని వెళ్లిపోయాక, చీకటి పడినా చదువుకోవలసిన పిల్లలు నెట్టు లేకుండానే పుస్తకాలు సర్దుకుని ఇంటికి వెళ్లి ఉంటారు. అతని మీద సిగ్గూ వచ్చింది, కొంచెం నవ్వూ వచ్చింది, పోనీలే పాపం అని కూడా అనిపించింది.

"మరి ఒక్కరైనా నాతో ఎందుకు చెప్పలేదే?" అనడిగాను.

"సెప్తే మరి రోజూ ఏ పనిమీద వస్తావు తాతా?" అంది.