బ్రేకుల పని వడ్లు చేశాయి

నేను అక్షరాలు దిద్దిందే అరవై దాటాక. తప్పులుంటే సర్దుకొని చదవండి.

మొన్న యాసంగి కోతలప్పుడు, ఇంటర్ చదివే మనవరాలు స్వప్నతో తొర్రూరు నుంచి ఆటోలో వస్తున్నాను. చెరువుకట్ట దిగి చదును రోడ్డు మీదికొచ్చాక బ్రేకు పడలేదు. ఎదురుగా లారీ ఆగి ఉంది.

"అవ్వా, గట్టిగ పట్టుకో!" అని డ్రైవరు అరిచాడు.

రోడ్డు మీద ఎవరో ఆరబోసిన వడ్లు కుప్ప చేసి ఉన్నాయి.

"అన్నా, వడ్లల్లకు తిప్పు!" అంది స్వప్న.

"వద్దురా, వడ్లు ఖరాబైతయ్!" అన్నాను నేను. ప్రాణం మీదికొచ్చినా రైతు బుద్ధి పోలేదు.

"జర ఊకో నానమ్మా!"

ఆటో కుప్పలో దూరి, వడ్లను దున్నుకుంటూ పోయి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కర్ర పట్టుకొని ఉరికొచ్చిన వడ్ల రైతు మా ముఖాలు చూసి దాన్ని పడేశాడు.

స్వప్న కిందికి దిగి చక్రాల జాడను అడుగులతో కొలవసాగింది.

"ఏంది బిడ్డా గది?"

"ఉరికే బండికి శక్తి ఉంటది నానమ్మా. వడ్లు అడ్డంపడి చేసిన పని దాన్ని తిన్నది. ఆపిన బలాన్ని గీ దూరంతోని గుణిస్తే ఎంత శక్తి పోయిందో తెలుస్తది."

"ఏం పోయిందో నువ్వు లెక్కగట్టుకో. నువ్వు పోలే, నాకు గది చాలు" అన్నాను.

ఇప్పటికీ ఆటో ఎక్కితే నా కాలు ఊరుకోదు. వెనక సీట్లో కూర్చొని, లేని బ్రేకును తొక్కుతూనే ఉంటుంది.